పెద్దవాళ్ళకి బొమ్మలు నేర్పే చోటు ఈ వైపు ఎక్కడైనా ఉందా? (బరంపురం – పర్లాకిమిడి – రాయగడ)

సాయంత్రం_సంధ్య (బరంపురం)
పిల్లల చదువులు ఒక దారిన పడ్డాయి, ఇప్పుడైనా నా సరదా తీర్చుకుందామని ఇక్కడ ఒక డ్రాయింగ్ క్లాసులో చేరాను. చేరేటప్పుడు "పెద్దవాళ్ళకి కూడా నేర్పుతాం మేడమ్" అన్నారు. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు. వెళ్ళి చూస్తే అందరూ మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు. బెంచీ నా మోకాళ్ళ ఎత్తు కూడా లేదు. మాస్టారు బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు వేసి "చూసి వెయ్యండి" అని ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోతారు. తర్వాతి వారం నెమలి. ఆ తర్వాత వినాయకుడు.

నాకు కావలసింది అది కాదు. మా ఇంట్లో రాగి చెంబు ఎదురుగా పెట్టుకుని, కాగితం మీద అది చెంబులా కనబడేట్టు వెయ్యడం రావాలి. అడిగితే "ముందు ఇవి రానివ్వండి" అంటారు. పక్కన కూర్చునే పిల్ల అయితే "ఆంటీ, మీ సూర్యుడు కోడిగుడ్డులా ఉన్నాడు" అని తేల్చేసింది.

ఉద్యోగం చేసుకునేవాళ్ళకి ఆదివారమో, సాయంత్రమో పద్ధతిగా నేర్పే చోటు బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, ఎక్కడైనా ఉంటే చెప్పండి. నేర్పే భాష ఒడియా అయినా ఫర్వాలేదు.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
ఆ పిల్లకి చూపు బాగుంది అక్కా. ఆవిడనే గురువుగా పెట్టేసుకో. ఫీజు చాక్లెట్లతో సరిపోతుంది.

సందేహాల_శంకరం (ఛత్రపురం)
యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, తెలుగులో కూడా ఉన్నాయి. ఒక పెన్సిలు, ఒక పుస్తకం కొనుక్కుని ఇంట్లో కూర్చుంటే సరిపోయేదానికి ఈ ఫీజులు, ఆటోలు దేనికి? వయసయ్యాక క్లాసంటే కాలక్షేపానికే.

రాయగడ_రమణి
శంకరం గారూ, వీడియో మనకి చూపిస్తుంది గానీ మన కాగితం చూడదు కదా. నేను రెండేళ్ళు వీడియోలు చూసే వేశాను. రంగు ఎందుకు బురదలా అయిపోతోందో ఒక్క వీడియో చెప్పలేదు. ఒకావిడ పక్కన నిలబడి చూసి "కింది పొర ఆరకముందే మళ్ళీ బ్రష్ పెడుతున్నావు, అదీ నాలుగు రంగులు కలిపి" అంది. అంతే, సగం రోగం కుదిరింది.

ఖల్లికోట_పక్కూరు
సంధ్య గారూ, ఎవరైనా "ఖల్లికోట ఆర్ట్ కాలేజీలో అడగండి" అంటే ఆటో ఎక్కి బరంపురంలో ఉన్న ఖల్లికోట కాలేజీకి వెళ్ళిపోకండి. అది వేరు, ఇప్పుడు యూనివర్సిటీ అయింది. ఆర్ట్ అండ్ క్రాఫ్ట్స్ ప్రభుత్వ కాలేజీ ఖల్లికోట ఊళ్ళోనే ఉంది, చిలికా వైపు. మా బంధువు ఒకాయన ఈ పొరపాటు పడి అక్కడి గేటు దగ్గర వాచ్‌మన్‌తో అరగంట వాదించి వచ్చాడు. ఎలాగూ ఆ ఆర్ట్ కాలేజీది రోజూ వెళ్ళి చదవాల్సిన డిగ్రీ చదువు, ఉద్యోగం చేసుకునేవాళ్ళకి కుదరదు. కానీ అక్కడ చదివి బయటికొచ్చిన కుర్రాళ్ళు గంజాం జిల్లా నిండా ఉన్నారు. థాకురాణి యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) వేషాలకి రంగులేసేవాళ్ళలో, సైన్‌బోర్డుల దుకాణాల్లో వాకబు చేయండి. విడిగా నేర్పడానికి ఒప్పుకుంటారు.

సాయంత్రం_సంధ్య
ఇది మంచి మాట. వాకబు చేస్తాను.

పాత_డ్రాయింగ్_మాస్టారు (గుణుపురం)
స్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయినవాణ్ణి కాబట్టి ముందు ఆ మాస్టారి తరఫున ఒక మాట. ఆయన వరండాలోకి వెళ్ళిపోవడం తప్పే. కానీ పెద్దవాళ్ళ క్లాసు నడపడం ఎంత కష్టమో మీకు తెలియాలి. పిల్లల్ని తల్లిదండ్రులు పంపుతారు, ఫీజు కడతారు, రాకపోతే తిట్టి మరీ పంపుతారు. పెద్దవాళ్ళు ఎంతో ఉత్సాహంగా వస్తారు, మూడో వారం పెళ్ళి, నాలుగో వారం ఆడిట్, ఆ తర్వాత మొహం చాటు చేస్తారు. గది అద్దె మాత్రం ఆగదు. అందుకే ఎవరూ విడిగా బ్యాచి పెట్టరు, ఉన్న పిల్లల్లోనే ఒక మూల కూర్చోబెడతారు.

ఇక అసలు సంగతి. పిల్లలకి గంట చాలు. పెద్దవాళ్ళకి చాలదు. ఇంటి గొడవలు, ఆఫీసు గొడవలు నెత్తి మీంచి దిగడానికే మొదటి అరగంట పోతుంది. చెయ్యి వదులయ్యేసరికి గంట అయిపోయింది, లేవండి అంటే ఏం వస్తుంది? కనీసం రెండున్నర, మూడు గంటలు ఒకే విడతలో ఉండాలి. వారానికి ఒక్కసారైనా సరే.

చెంబు గురించి అడిగారు కాబట్టి చెబుతాను, ఈ ఆదివారం ఇంట్లోనే చేసి చూడండి. చెంబుని కంటికి కొంచెం దిగువగా, బల్ల మీద, ఒకే వైపు నుంచి వెలుతురు పడేట్టు పెట్టండి. కిటికీ ఉత్తరం వైపుదయితే మరీ మంచిది, ఎండ తిరిగినా నీడ పెద్దగా మారదు. చెంబు నోరు గుండ్రమని మనకి తెలుసు, అందుకే చెయ్యి గుండ్రంగానే గీసేస్తుంది. కంటికి కనబడేది మాత్రం కోలగా ఉంటుంది. అడుగు కూడా కోలే, పైగా నోటికన్నా కొంచెం ఎక్కువ ఉబ్బుగా కనబడుతుంది, కంటికి ఇంకా దిగువన ఉంది కాబట్టి. నూటికి తొంభైమంది బల్ల తిన్నగా ఉంది కదా అని అడుగున తిన్నగా ఒక గీత గీసేస్తారు. అప్పుడు చెంబు బల్ల మీద కూర్చోదు, అడుగు కోసేసినట్టు ఉంటుంది.

కొలత కోసం పెన్సిలు పట్టుకున్న చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, చెంబు వెడల్పు దాని ఎత్తులో ఎన్నో వంతో చూసుకోండి. మోచెయ్యి మడిచారంటే కొలత మారిపోతుంది. వేశాక కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడండి. ఏ భుజం జారిపోయిందో అప్పుడు తెలుస్తుంది. రబ్బరు మాత్రం మొదటి అరగంట ముట్టుకోవద్దు.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
మాస్టారూ, చదువుతూ చదువుతూ నేనూ చెయ్యి చాచి ఒక కన్ను మూశాను. ఎదురు సీటులో పాసింజరు పలాసలో వేరే పెట్టెలోకి మారిపోయింది.

పాత_డ్రాయింగ్_మాస్టారు
పెన్సిలు పట్టుకోమన్నాను నాయనా, ఉత్తి చెయ్యి కాదు.

బల్లార్షా_బాబాయ్
మాది మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా. ఇక్కడ పరిస్థితి ఇంకో రకం. డైరెక్టరేట్ ఆఫ్ ఆర్ట్ వాళ్ళు స్కూలు పిల్లలకి ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు పెడతారు. పాసయితే పదో తరగతిలో అదనపు మార్కులు. అందుకని ఏ డ్రాయింగ్ క్లాసుకి వెళ్ళినా ఆ పరీక్ష కోచింగే: ఎదురుగా వస్తువు పెట్టి వెయ్యడం, జ్ఞాపకం మీద వెయ్యడం, డిజైన్, జ్యామితి. నేను మా మనవరాలితో పాటు కూర్చునేవాణ్ణి. పరీక్ష పుణ్యమా అని సంధ్యమ్మ అడిగిన చెంబు మాత్రం బాగా నేర్పుతారు. కొండలు, సూర్యుడు బాధ లేదు. చిక్కేమిటంటే పరీక్ష అయిన మర్నాటి నుంచి క్లాసు ఖాళీ. నేనూ మాస్టారూ మిగిలాం, టీ తాగాం.

సందేహాల_శంకరం
పాత మాస్టారు రాసింది బాగుంది, ఒప్పుకుంటాను. అయితే చూశారా, ఇది కూడా ఇంట్లో కూర్చుని ఫోన్లోనే చదివాను. క్లాసు అక్కర్లేదనే కదా అర్థం?

రాయగడ_రమణి
చదివారు. వేశారా?

సందేహాల_శంకరం
వేస్తాను.

కొమ్ము_దువ్వెన (పర్లాకిమిడి)
అందరూ పెన్సిలు, కాగితం దగ్గరే ఆగిపోయారు. మా ఊళ్ళో కొమ్ము పని ఉంది. పశువుల కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు చేస్తారు. కొమ్ముని కాచి వేడి మీద వంచడం, ఆకురాయితో రుద్దడం, చివర్న మెరుగు పెట్టడం. ఆ పని చేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. నేర్చుకోవాలని పెద్దవాళ్ళెవరైనా వస్తే కాదనరు, నేను అలాగే ఒక ముసలాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అయితే అక్కడ క్లాసంటూ ఉండదు. ఆయన చేస్తుంటే చూడాలి, రుద్దమంటే రుద్దాలి, ప్రశ్నలు వెయ్యకూడదు. మొదట్లో నాకు ఇచ్చిన పని అంతా దువ్వెన పళ్ళ మధ్య మెరుగు పెట్టడమే. కొమ్ము కాలిన వాసన ఇంటికి వచ్చినా బట్టల్లోంచి పోదు, మా ఆవిడ పెరట్లోనే ఆపేసేది.

ఈ లెక్కన సంధ్య గారి మాస్టారు "చూసి వెయ్యండి" అనడం కూడా పాత పద్ధతే. అన్నీ అడిగి తెలుసుకోవాలంటే ఎలా?

సాయంత్రం_సంధ్య
తేడా ఉంది అన్నా. మీ ముసలాయన మీ ఎదురుగా పని చేశారు. మా మాస్టారు వరండాలో ఉన్నారు.

ఖల్లికోట_పక్కూరు
👏

పాత_డ్రాయింగ్_మాస్టారు
కొమ్ము పని ఆయన చెప్పిన దాంట్లో నిజం ఉంది, సంధ్య గారి జవాబులోనూ ఉంది. నకలు చెయ్యడం తప్పు కాదు. పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లో పటచిత్రం (గుడ్డ మీద వేసే ఒడిశా సంప్రదాయ బొమ్మ) నేర్చుకునే పిల్లలు పూలతీగ అంచులు, కళ్ళు, చేతివేళ్ళు వేసి వేసి చెయ్యి తిప్పుకుంటారు. అక్కడ ఎదురుగా చెంబు పెట్టుకోవడం అనే మాటే లేదు. ఆ గీత నకలు చెయ్యకుండా రాదు. మన శ్రీకాకుళం వడ్డాది పాపయ్య గారి (1921–1992) చందమామ అట్టలు ముందు పెట్టుకుని నకలు చెయ్యనివాడు మా తరంలో బొమ్మలు వేసేవాళ్ళలో ఎవడున్నాడు? కానీ మంచి దాన్ని నకలు చెయ్యాలి. బోర్డు మీద రెండు నిమిషాల్లో వేసిన కొండల్ని నకలు చేస్తే ఆ రెండు నిమిషాల పనితనమే వస్తుంది.

పటచిత్రం నేర్చుకుందామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. పాత నూలు గుడ్డ, చింతగింజల బంక, సుద్దపొడి, ఇవన్నీ ఇంట్లో చేసుకోవచ్చు. రంగులు మాత్రం జాగ్రత్త. పసుపుకి వాడే హరితాళంలో ఆర్సెనిక్ ఉంటుంది, ఎరుపుకి వాడే హింగుళంలో పాదరసం ఉంటుంది. వాటిని వంటింటి రోట్లో నూరేస్తాననే ఉత్సాహం వద్దు. నేర్చుకునే రోజుల్లో పోస్టర్ కలర్ చాలు.

రాయగడ_రమణి
సవర బొమ్మల సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా వైపు పుట్టాసింగ్ దగ్గర లాంజియా సవరల ఇళ్ళల్లో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు, ఇడిటాల్ అంటారు. ఈ మధ్య భువనేశ్వర్ గోడల మీదా, చీరల మీదా అవే. మా స్కూల్లో టీచర్లు కొందరు "సండే వర్క్‌షాప్ పెట్టుకుందాం, చాలా ఈజీ, కర్రమనుషులే కదా" అంటున్నారు. నాకెందుకో మనసు ఒప్పలేదు. అది ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, పోయిన పెద్దల కోసం, పూజారి చెప్పాక వేసే బొమ్మ. అలంకారానికి వేసేది కాదు.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
చీరల మీద వచ్చేసింది కదా అక్కా, ఇంకా దాపరికం ఏముంది?

కొమ్ము_దువ్వెన
రమణి గారి మాటకి నేను సగం ఒప్పుకోను. వాళ్ళల్లోనే కుర్రాళ్ళు ఇప్పుడు కాగితం మీద, గుడ్డ మీద వేసి అమ్ముకుంటున్నారు. నాలుగు డబ్బులు వస్తున్నాయి. వర్క్‌షాప్ పెట్టి వాళ్ళనే పిలిచి, డబ్బిచ్చి, వాళ్ళ చేత చెప్పిస్తే తప్పేముంది? ఇంటర్నెట్‌లో చూసి మనకి మనమే నేర్పేసుకుంటేనే తప్పు.

రాయగడ_రమణి
పిలిచి, డబ్బిచ్చి అయితే నాకూ సమ్మతమే. మా టీచర్లు అనుకుంటున్నది అది కాదు. ఇంకోటి, కర్రమనుషులే కదా అన్నవాళ్ళని ఒక్క మనిషిని వెయ్యమనండి చూద్దాం. అంత సన్నటి ఒంట్లో ఆ నడక తేవడం అంత సులువు కాదు. వెదురుపుల్ల నమిలి చేసిన కుంచెతో మరీనూ.

పాత_డ్రాయింగ్_మాస్టారు
రమణీ, ఆ నడక సంగతి బాగా పట్టుకున్నావమ్మా. సవరల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూనే సవర భాష నేర్చుకున్నారు. ఉద్యోగం ఒక పక్క, నేర్చుకోవడం ఒక పక్క. వాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళనే కూర్చోబెట్టుకుని నేర్చుకున్నారు. ఇప్పుడు మీరు వాదించుకున్నదానికి పర్లాకిమిడిలోనే పాత ఉదాహరణ ఉంది.

మట్టిచేతులు (జయపురం)
ఆలస్యంగా చూశాను. మేం ఇక్కడ అయిదారుగురం కలిసి వారానికో సాయంత్రం మట్టి పని చేస్తాం. ఊరి కుమ్మరి ఒకాయన వస్తాడు, ఆయనకి ఒడియా, దేశియా (ఈ వైపు మాట్లాడే ఒడియా యాస) వచ్చు, మాకు తెలుగు, అయినా ఏ ఇబ్బందీ లేదు. చేతులు చూస్తే చాలు.

మట్టి గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది: గాలి బుడగలు ఉంటే ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) పగిలిపోతుందని. గాలి కాదు, తడి. లోపల తడి మిగిలి ఉండగా వేడి నూరు డిగ్రీలు దాటితే నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. బుడగ ఉంటే అందులో తడి చేరుతుంది కాబట్టి నింద దాని మీద పడింది. కోరాపుట్ వానలకి మా బొమ్మలు నీడలో వారాలు పడుకుంటాయి. ఆరిందో లేదో చూడాలంటే బుగ్గకి ఆనించుకోవాలి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. దళసరి బొమ్మలు లోపల తొలిచేయాలి. మాలో ఒకాయన గట్టి ఏనుగు చేసి, తొలవనని పంతం పట్టాడు. అది ఆవంలో ఇంకో ముగ్గురి కూజాల్ని కూడా తీసుకుపోయింది. ఇప్పుడు ఆయన ఏనుగుకి కుమ్మరాయన వేరే మూల కేటాయించాడు.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
ఆ ఏనుగు ఆయన పేరు చెప్పక్కర్లేదు గానీ ఇంకా వస్తున్నాడా?

మట్టిచేతులు
అందరికన్నా ముందు వస్తాడు. ఇప్పటికీ ఏనుగులే.

పొరుగింటి_పద్మ (కాశీనగర్)
నాది ఇంకో రకం సమస్య. నలభై దాటింది, చత్వారం వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంటే కాగితం కనబడుతుంది, ఎదురుగా ఉన్న వస్తువు మసక. తీస్తే వస్తువు కనబడుతుంది, గీత కనబడదు. గంటలో తీసి పెట్టి తీసి పెట్టి మెడ పట్టేసింది. దీనికి ఏ క్లాసులోనూ జవాబు చెప్పలేదు. అందరూ పిల్లలకి నేర్పేవాళ్ళే కదా, వాళ్ళకి ఈ టెన్షన్ తెలియదు.

పాత_డ్రాయింగ్_మాస్టారు
పద్మ గారూ, కాగితం బల్ల మీద పరుచుకోకండి. అట్టకి క్లిప్పు పెట్టి దాదాపు నిలువుగా, చెయ్యి చాచినంత దూరంలో నిలబెట్టండి. కుర్చీ వీపుకి ఆనించినా చాలు. వస్తువుని దాని పక్కనే, నాలుగైదు అడుగుల దూరంలో ఉంచండి. అప్పుడు రెండు దూరాలకీ అంత తేడా ఉండదు, తల ఎత్తి దించక్కర్లేదు, కళ్ళు పక్కకి తిప్పితే సరిపోతుంది. కంప్యూటరు కోసం విడిగా రాసిచ్చే కళ్ళజోడు ఉంటే అదే బాగా పనికొస్తుంది. మసక గురించి మరీ దిగులు వద్దు. వెలుగు నీడలు విడదీసి చూడటానికి మేం కావాలనే కళ్ళు చికిలించి చూస్తాం. మీకు ఆ పని చదివే కళ్ళజోడు పెట్టుకుంటే అయిపోతుంది.

పొరుగింటి_పద్మ
మా డాక్టరు కూడా ఇంత విడమరిచి చెప్పలేదు. రేపే చేసి చూస్తాను.

బల్లార్షా_బాబాయ్
నాకూ పనికొచ్చింది. నేల మీద కూర్చోలేనివాళ్ళకి కూడా ఇదే మేలు. మోకాళ్ళ సంగతి ఎవరూ అనట్లేదు గానీ అందరికీ ఉంది.

రాయగడ_రమణి
సామాను గురించి కూడా రాసేస్తాను, చాలామంది ఇక్కడే డబ్బు పారేస్తారు. వాటర్ కలర్ అయితే ఇరవైనాలుగు రంగుల పెట్టె కొనకండి. మూడు ట్యూబులు చాలు: అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెనా (ఎర్రటి మట్టిరంగు), ఎల్లో ఆకర్ (పసుపు మట్టిరంగు). ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో పీబీ29, పీవై43 లాంటి నంబర్లు ఉంటాయి, రంగులో అసలు ఏం వేశారో అదే చెబుతుంది. కంపెనీ మారినా నంబరు చూసి కొనవచ్చు. నీలం, సియెనా కలిపితే వాన మబ్బు నుంచి నలుపు దాకా వస్తుంది. మన వైపు ఆకాశానికి జూలై అంతా అదే కదా.

మిగిలిన డబ్బు కాగితం మీద పెట్టండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) నూలు కాగితం. డ్రాయింగ్ పుస్తకం కాగితం మీద నీళ్ళు పెడితే అప్పడంలా ముడుచుకుపోతుంది, అప్పుడు లోపం మనదే అనుకుంటాం. వానాకాలంలో కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసి, బియ్యం డబ్బా పక్కన కాదు, బీరువాలో పెట్టండి. తేమకి కాగితం పై పూత చెడిపోయి, రంగు పెట్టిన చోటల్లా మచ్చలు మచ్చలుగా పీల్చేసుకుంటుంది. అది బాగు చెయ్యడం కుదరదు.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
బరంపురం వాళ్ళ ఎదుట అప్పడాన్ని తక్కువ చేసి మాట్లాడకండి.

ఖల్లికోట_పక్కూరు
ఆయిల్ కలర్స్ మొదలుపెట్టేవాళ్ళకి ఒకటి. లిన్‌సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడెయ్యకండి. ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది, నిప్పు అక్కర్లేదు. నీళ్ళున్న మూతడబ్బాలో వెయ్యండి, లేదా విడిగా పరిచి ఆరెయ్యండి. టర్పెంటైన్ వాసన పడనివాళ్ళు ఏసీ గదిలో తలుపులు మూసుకుని అస్సలు వెయ్యొద్దు.

సందేహాల_శంకరం
చెంబు వేశాను. అడుగున తిన్నగా గీత గీశాను. మాస్టారు రాసింది చదివి కూడా గీశాను. మళ్ళీ వేశాను, ఈసారి కోలగా వచ్చింది గానీ చెంబు ఎడమవైపు గర్భంతో ఉన్నట్టుంది. వీడియోలో ఈ సంగతి చెప్పేవాడు లేడని ఒప్పుకుంటున్నాను. అయినా ఫీజు ముందే కట్టించుకోవడం మాత్రం అన్యాయం, ఆ మాట మీద ఉన్నాను.

పాత_డ్రాయింగ్_మాస్టారు
మధ్యలో నిలువు గీత ఒకటి పలచగా గీసుకుని, రెండు పక్కలా దూరం సరిచూసుకోండి. ఎడమవైపు ప్రసవం అయిపోతుంది.

ఫీజు గురించి: ముందు కట్టకపోతే పెద్దవాళ్ళు రారు, ఇది నా అనుభవం. నెలకింత అని కాకుండా పది క్లాసులకింత అని తీసుకోవాలి. మధ్యలో పెళ్ళి వచ్చినా ఆడిట్ వచ్చినా ఆ క్లాసు పోదు, తర్వాతి వారానికి జరుగుతుంది. మాస్టారికి అద్దె వస్తుంది, వీళ్ళకి డబ్బు పోదు. కానీ పది క్లాసులూ నాలుగు నెలల్లోపు వాడుకోవాలి, లేకపోతే మూడేళ్ళ తర్వాత వచ్చి "నావి ఆరు మిగిలాయి" అనేవాళ్ళున్నారు.

కొమ్ము_దువ్వెన
ఉన్నారు మాస్టారూ. మా ఊళ్ళోనే ఉన్నారు.

సాయంత్రం_సంధ్య
ఖల్లికోట_పక్కూరు చెప్పినట్టు వాకబు చేశాను. యాత్ర వేషాలకి రంగులేసే ఒక అబ్బాయి దొరికాడు, ఆర్ట్ కాలేజీలో చదివాడు. ఇంట్లో మాట్లాడేది ఒడియా, తెలుగు కూడా బాగానే వచ్చు. ఆదివారం మూడు నుంచి ఆరు దాకా చెబుతాడు, కనీసం అయిదుగురు కావాలన్నాడు. మాస్టారి పది క్లాసుల లెక్క చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. మొదటి నెల అంతా పెన్సిలే, వస్తువులు ఎవరివి వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలన్నాడు. మా మేడ మీది గది ఖాళీగా ఉంది, కిటికీ ఉత్తరం వైపే. మా ఆఫీసులో ఇద్దరు వస్తామన్నారు. నాతో ముగ్గురం. ఇంకో ఇద్దరు కావాలి.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
నేను వస్తాను. ఇచ్ఛాపురం నుంచి బస్సులో గంటలోపే. పెన్సిలు తెచ్చుకుంటాను మాస్టారూ, ఉత్తి చెయ్యి కాదు.

సందేహాల_శంకరం
మొదటి క్లాసు చూసి డబ్బు కట్టొచ్చా?

సాయంత్రం_సంధ్య
చూడండి. కానీ చూడటానికి వచ్చినవాళ్ళు కూడా వెయ్యాలి, అది ఆ అబ్బాయి పెట్టిన రూలు.

రాయగడ_రమణి
అంత దూరం రాలేను గానీ కాగితం కలిసి తెప్పించుకుందామా? విడిగా ఒక్కో పుస్తకం కొంటే మండిపోతుంది. 22 బై 30 అంగుళాల పెద్ద షీట్లు కట్టగా తెప్పించి నాలుగు ముక్కలు చేసుకుంటే, ఒక్కొక్కటి 11 బై 15 వస్తుంది, నేర్చుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. చిన్న పట్టణాలకి విడి షీట్లు పంపితే మూలలు నలిగిపోయి వస్తున్నాయి, కట్టగా అయితే అట్టల మధ్య పెట్టి పంపుతారు. బరంపురం చేరాక రాయగడ, జయపురం వాటా బస్సులో వేసేయండి.

మట్టిచేతులు
జయపురానికి ఒక అయిదు షీట్లు రాసుకోండి. ఏనుగాయన వాటర్ కలర్ కూడా మొదలుపెడతాడట.

పొరుగింటి_పద్మ
నాకు రెండు. కాశీనగర్‌కి బస్సు కుదరకపోతే పర్లాకిమిడిలో కొమ్ము_దువ్వెన గారి దగ్గర ఉంచితే నేనే వచ్చి తీసుకుంటాను.

కొమ్ము_దువ్వెన
ఉంచుతాను అమ్మా. పని గదిలో కాకుండా ఇంట్లో పెట్టిస్తాను, లేకపోతే కాగితానికి కొమ్ము వాసన పట్టేస్తుంది.